విక్టోరియా కాలపు పేటెంట్ మందులు: కొన్నవాళ్లు నిజంగా మోసపోయారా?

పాతపుటలు:
ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలం నాటి పేటెంట్ మందుల (లోపల ఏముందో చెప్పకుండా సొంత పేరుతో అమ్మినవి) ప్రకటనలు కనిపిస్తే నవ్వి పుట తిప్పేయడం మనకు అలవాటు. ఒకే మాత్రకు తలనొప్పి, అజీర్తి, పిత్తం, నరాల నీరసం అన్నీ లొంగిపోతాయట! ఎంత వెర్రివాళ్లో అనుకుంటాం. నేను ఒప్పుకోను. ఆనాటి కూలి మనిషికి ఇంతకన్నా మంచి దారి ఏముంది? పట్టా ఉన్న డాక్టరు ఆ శతాబ్దం మొదటి సగంలో ఏం చేసేవాడు? నరం కోసి రక్తం తీసేవాడు, పాదరసంతో చేసిన కాలొమెల్ మింగించేవాడు. పైగా ఫీజు. సెయింట్ హెలెన్స్ ఊళ్లో థామస్ బీచమ్ అమ్మిన మాత్రలో ఉన్నది ముసాంబరం (ఎండిన కలబంద రసం), అల్లం, సబ్బు. పెట్టె ధర 1 షిల్లింగు 1½ పెన్నీ. మలబద్ధకానికి ముసాంబరం నిజంగానే పనిచేస్తుంది. ప్రాణం తీయని మందు, డాక్టరు ఫీజు లేకుండా, ఇంటి దగ్గరి కొట్టులో. మోసం అనే మాట వాడాలంటే ముందు ఆ డాక్టరు గురించి వాడండి.

ఫార్మసీ మాస్టారు:
పాతపుటలు గారూ, ముసాంబరం విరేచనకారి అన్నంతవరకు మీతో పేచీ లేదు. కానీ పెట్టె మీద రాసింది ఒక్క మలబద్ధకమేనా? 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఈ రహస్య మందులను పరీక్ష చేయించి, దేనిలో ఏముందో, సరుకు ఖర్చు ఎంతో పుస్తకంగా అచ్చు వేసింది. బీచమ్ పెట్టెలో 56 మాత్రలు. వాటి ముడిసరుకు విలువ అర ఫార్దింగు అని తేలింది. పెన్నీలో నాలుగో వంతు ఫార్దింగు, అందులో సగం! షిల్లింగుకు 12 పెన్నీల చొప్పున లెక్క వేయండి, అమ్మకం ధర దానికి 108 రెట్లు. నినాదమేమో ‘పెట్టె ఒక్కటి గినీ విలువ’. గినీ అంటే 21 షిల్లింగులు. ముసాంబరం మాత్రలు మామూలు మందుల కొట్టులోనూ దొరికేవి. పేదవాడు అదనంగా కట్టినది ప్రకటనల ఖర్చుకూ, యజమాని లాభానికీ, కొంత సర్కారు సుంకానికీ పోయింది. ఇంకొక సంగతి: ఆ పుస్తకానికి ప్రకటన వేయడానికి కొన్ని పత్రికలు ఒప్పుకోలేదు. మందుల కంపెనీల డబ్బుతో నడిచే పత్రికలు మరి.

సందేహజీవి:
ఇద్దరూ మలబద్ధకం దగ్గరే ఆగిపోయారు. గాడ్‌ఫ్రీస్ కార్డియల్ మాటేమిటి? నల్లమందూ ట్రీకిల్ పాకమూ కలిపిన సీసా. నాటింగ్‌హామ్, మాంచెస్టర్ లాంటి మిల్లు పట్టణాల్లో తల్లి పనికి పోతే, బిడ్డను చూసే ఆడమనిషి దీన్ని చెంచాతో పట్టేది. బిడ్డ ఏడవదు. పాలూ అడగదు. అలా మత్తులోనే చిక్కిపోయి చనిపోయిన పసివాళ్ల పేర్ల పక్కన నల్లమందు అని కాక ‘బలహీనత’ అనో మరొకటో నమోదయ్యేది. అమెరికాలో మిసెస్ విన్స్‌లోస్ సూదింగ్ సిరప్‌లో ఉన్నది మార్ఫిన్. పళ్లు వచ్చే పిల్లలకని అమ్మేవారు. ప్రకటన కార్డుల మీద ముచ్చటైన తల్లీబిడ్డల బొమ్మలు. ఆ తల్లికి వేరే దారి లేదంటే ఒప్పుకుంటాను. అమ్మినవాడికీ లేదా?

పాతపుటలు:
మీ కోపం న్యాయమే, తగలవలసిన చోట తగల్లేదు. గాడ్‌ఫ్రీస్ కార్డియల్ ఒక కంపెనీ సొత్తు కాదు. కొట్టువాళ్లు ఎవరికి వారు కలుపుకొనేవారు; అందుకే ఒక సీసాకూ మరో సీసాకూ నల్లమందు పాళ్లలో పొంతన ఉండేది కాదు. డాక్టర్లు కూడా లాడనం పేరుతో అదే నల్లమందు రాసిచ్చిన రోజులవి. క్లోరోడైన్‌ను చూడండి. దాన్ని తయారుచేసిన కాలిస్ బ్రౌన్ సంతలో మందులు అమ్మేవాడు కాదు, భారతదేశంలో బ్రిటిష్ సైన్యానికి వైద్యం చేసిన డాక్టరు. కలరా కోసమని నల్లమందు, గంజాయి, క్లోరోఫాం కలిపాడు. నొప్పి తగ్గేది, విరేచనాలు తగ్గేవి. ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడమే ప్రాణం తీస్తుందన్న సంగతి పెద్ద ఆసుపత్రులే సరిగ్గా పట్టించుకోని కాలంలో, ఒక్క మందు సీసాను బోనులో నిలబెడతారా?

లా విద్యార్థిని:
బోను అన్నారు కాబట్టి నేనూ వస్తాను. క్లోరోడైన్ ఎవరు కనిపెట్టారన్న తగాదా 1864లో కోర్టుకెక్కింది. బ్రౌనే కనిపెట్టాడని వైస్ ఛాన్సలర్ హోదాలో ఉన్న న్యాయమూర్తి పేజ్ వుడ్ అన్నాడు. అంతే, ఆ తరువాత ఏళ్ల తరబడి ప్రకటనల్లో న్యాయమూర్తి పేరు! రోగం కుదురుతుందని ఆయన అననేలేదు. చదివేవాడికి మాత్రం కోర్టే పూచీ పడ్డట్టు ఉంటుంది. సర్కారు స్టాంపుదీ ఇదే కథ. 1783లో మొదలైన మందుల సుంకం ప్రకారం షిల్లింగు పెట్టెకు 1½ పెన్నీ స్టాంపు అంటించాలి (బీచమ్ పెట్టెకు ఆ వింత ధర అలా వచ్చింది). స్టాంపు చూసి జనం సర్కారు ఆమోదం అనుకున్నారు. చివరికి, ఇది ప్రభుత్వ హామీ కాదని స్టాంపు మీదే అచ్చు వేయవలసి వచ్చింది. సుంకం వసూలు మాత్రం ఆగలేదు. ఇక కార్బాలిక్ బంతి కేసు కాంట్రాక్టు చట్టం చదివిన అందరికీ తెలిసిందే.

సందేహజీవి:
చదవని మాకు చెప్పండి.

లా విద్యార్థిని:
రబ్బరు బంతిలో కార్బాలిక్ ఆమ్లం పొడి. గొట్టాన్ని ముక్కులో పెట్టుకొని బంతిని నొక్కితే పొగలా ధూళి లోపలికి పోతుంది. రెండు వారాలు రోజుకు మూడుసార్లు వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని 1891లో ప్రకటన వేశారు. మా మాట నిజమనడానికి బ్యాంకులో 1000 పౌండ్లు వేశాం అని కూడా రాశారు. లూయీజా కార్లిల్ అనే ఆవిడ 10 షిల్లింగులు పెట్టి కొన్నది. నవంబరు 20 నుంచి జనవరి 17 దాకా క్రమం తప్పక పీల్చింది. ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది! డబ్బు అడిగితే కంపెనీ చెప్పిన జవాబు వినండి: అవి ఉత్త గొప్పలు, వాటిని ఎవరూ నిజమనుకోకూడదట. బ్యాంకులో డబ్బు వేశామని చెప్పుకున్నవాడు ఆ మాట అనడానికి వీల్లేదని 1892 డిసెంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తరువాత యజమాని బహుమతిని 200 పౌండ్లకు పెంచి, షరతులు బిగించి మళ్లీ ప్రకటన వేశాడు. (కార్లిల్ 1942 దాకా బతికింది, 96 ఏళ్లు. బంతి మహిమ అనకండి.)

కాబట్టి పాతపుటలు గారూ, కొన్నవాళ్లు వెర్రివాళ్లు కారన్న మీ మాట సగం ఒప్పుకుంటాను. కానీ ఆవిడ గెలిచింది మాట ఇచ్చి తప్పినందుకు. ఆ బంతి పనిచేస్తుందా అని ఆ కేసులో తేల్చవలసిన అవసరమే రాలేదు. 100 పౌండ్ల మాట ఇవ్వని కంపెనీ ఏ రోగం కుదురుస్తానన్నా అడ్డుకునే దారి ఆనాడు దాదాపు లేదు. పార్లమెంటు కమిటీ 1912 నుంచి విచారించి ఇదే చెప్పింది. ఆ నివేదిక వెలువడింది 1914 ఆగస్టు 4న, బ్రిటన్ యుద్ధంలోకి దిగిన రోజే. ఇంకెవరు చదువుతారు?

దారినపోయే దానయ్య:
డబ్బు ఎటు పోయిందో కూడా చూడాలి. మాత్రలూ లేపనమూ అమ్మిన థామస్ హాలోవే ఆడపిల్లల కళాశాల కట్టించాడు. 1886లో రాణిగారే వచ్చి తెరిచారు. బీచమ్ మనవడు ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టరై 1932లో లండన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా స్థాపించాడు. మనవైపు చూస్తే, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ రాబడితో ఆంధ్రపత్రిక నడిపారు.

ఫార్మసీ మాస్టారు:
పంతులు గారిని ఈ జాబితాలో కలపకండి. బామ్ తలకు రాసుకుంటే చల్లదనం తెలుస్తుంది, నొప్పి తగ్గిందో లేదో ఎవరికి వారే చెప్పగలరు. హాలోవే మాత్రలు గొప్పవని అంత పెద్ద భవనమైనా సాక్ష్యం చెప్పలేదు.

పాతపుటలు:
మాస్టారూ, మీ అభ్యంతరమంతా రహస్యం మీదే కదా. డాక్టరు చీటీ లాటిన్‌లో ఉండేది. రోగికి అదీ రహస్యమే.

ఫార్మసీ మాస్టారు:
రోగికి రహస్యమే, కొట్టువాడికి కాదు. పాళ్లు తప్పితే పట్టుకునేవాడు ఒకడున్నాడు. పేటెంట్ మందుకు ఆ ఒక్కడూ లేడు. 1868 ఫార్మసీ చట్టం విషాల అమ్మకానికి కట్టుబాట్లు పెడుతూనే పేటెంట్ మందులను వదిలేసింది.

మీరు ప్రాణం తీయని మందు అన్నారు, జేమ్స్ మారిసన్ మాత్రల సంగతి చూడండి. ముసాంబరానికి గాంబోజ్ అనే తీవ్రమైన విరేచన బంక తోడు. గుణం కనిపించకపోతే మోతాదు పెంచమనేవారు. ఇంకా కనిపించకపోతే ఇంకా పెంచమనేవారు. అలా మింగి మనిషి చనిపోతే 1836లో ఆ మాత్రల ఏజెంటుకు నరహత్య కింద శిక్ష పడింది. మారిసన్ వ్యాపారం సాగుతూనే ఉంది. పట్టా లేదు, పాళ్లు చెప్పలేదు, చచ్చినవాడికి జవాబూ చెప్పలేదు. తాను పెట్టెలకు పెట్టెలు అమ్మినదానిలో ఏముందో ఆ ఏజెంటుకైనా తెలుసంటారా?