త్రందెజ్ మంట ఎవరిది? చర్చిదా, అంతకుముందు వాళ్లదా?

గోదారిగట్టు:
అర్మేనియాలో ఫిబ్రవరి 13 రాత్రి చర్చి ముందు మంట వేసి, కొత్త జంటలు చేతులు పట్టుకుని దాని మీంచి దూకే వీడియో చూశాను. పండుగ పేరు త్రందెజ్. చలి వెళ్లిపోయి వసంతం రావాలని చేస్తారట. ఇది ముమ్మాటికీ పాత అగ్నిపూజే. 301లో క్రైస్తవం రాజ్యమతం అయిందంటారు కదా, ఆ తర్వాత చర్చి దీన్ని తనలో కలిపేసుకుంది. వాళ్ల పాత పంచాంగంలో మెహెకాన్ నెలకు, క్రైస్తవానికి ముందు వెలుగుకూ నిప్పుకూ దేవుడిగా కొలిచిన మిహ్ర్ పేరే పెట్టారు. ఇంకేం రుజువు కావాలి?

పాతపుస్తకం:
తేదీ ఒకసారి లెక్కపెట్టండి గోదారిగట్టు గారూ. అర్మేనియన్లు క్రీస్తు జననం జరుపుకునేది జనవరి 6న. అక్కడికి నలభయ్యో రోజు ఫిబ్రవరి 14. బాలయేసును యెరూషలేము గుడికి తీసుకెళ్తే ముసలి సిమియోను చేతుల్లోకి ఎత్తుకున్న రోజు. చర్చి పెట్టిన పేరు త్యార్న్‌దరాజ్, అంటే ప్రభువుకు ఎదురెళ్లడం. నాలుగో శతాబ్దం చివర్లో యెరూషలేము యాత్రకెళ్లిన ఎగీరియా కూడా ఈ నలభయ్యో రోజు పండుగ గురించి రాసింది. తేదీ మిహ్ర్ నుంచి రాలేదండీ.

యెరెవాన్ మెడికో:
ఇక్కడే మెడిసిన్ చదువుతున్నాను. పోయినేడు దగ్గర నిలబడి చూశాను. ఫాదర్ ప్రార్థన చేసి, బలిపీఠం దగ్గర వెలిగించిన కొవ్వొత్తితో మంట అంటించారు. అంతవరకే ఆయన పని. ఆ తర్వాత అంతా బామ్మలదే. పెళ్లికూతురు గౌను అంచు పిడికిట్లో పట్టుకుని భర్తతో దూకింది. దూకీదూకగానే ఒక బామ్మ వేయించిన గోధుమలు గుప్పెడు తీసి వాళ్ల నెత్తిన చల్లింది. నా జాకెట్ మీదా పడ్డాయి, ఇంకా వేడిగా ఉన్నాయి. ఇంకో ఆవిడ పొగ ఎటు పోతోందో చూస్తోంది, ఈసారి పంట ఎలా ఉంటుందో దాన్నిబట్టి చెప్తారట. మన భోగి మంట గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. నన్నడిగితే తేదీ చర్చిది, మంట రైతులది. "కలిపేసుకుంది" అన్న మాట మాత్రం నేనొప్పుకోను. అలా అయితే ఆ బామ్మ పొగ వైపు ఎందుకు చూస్తుంది?

గోదారిగట్టు:
తేదీ విషయంలో నాదే పొరపాటు, ఒప్పుకుంటున్నాను. నిప్పు విషయంలో మాత్రం తగ్గను. క్రైస్తవానికి ముందు అర్మేనియన్లు కొలిచిన వహాగ్న్ దేవుడు ఎర్ర రెల్లు కాడలోంచి పొగా మంటా ఎగజిమ్ముతుండగా పుట్టాడని జనం పాడుకునే పాటను పాతకాలపు అర్మేనియన్ చరిత్రకారుడు మొవ్సెస్ ఖొరెనాట్సి తన చరిత్రలో రాసిపెట్టాడు. నిప్పును అంతగా కొలిచిన జనానికి ఫిబ్రవరి చలిలో మంట వేసుకోమని ఎవరో నేర్పాలా?

యెరెవాన్ మెడికో:
నేర్పక్కర్లేదన్నా. నేననేదీ అదే. కొవ్వొత్తి ఇచ్చింది మాత్రం చర్చి.