క్యాన్సర్ తర్వాత సరోగసీ: ఖర్చులు, ఏర్పాట్లు ఎలా చేసుకున్నారు?

కలువరేకు: సర్వైకల్ క్యాన్సర్‌కి రేడియేషన్ అయింది, గర్భాశయం మోయలేదని తేల్చేశారు. రేడియేషన్‌కి ముందు తీసిన అండాలు ఫ్రీజింగ్‌లో ఉన్నాయి. సరోగసీకి ఖర్చులు ఎక్కడెక్కడ వస్తాయి, ఇన్సూరెన్స్ ఏం చేశారు, ఆఫీసు సెలవు ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం: ప్యాకేజీ చూసి బడ్జెట్ వేయకండి. చాలా ప్యాకేజీల్లో ఉండేది ఒక్క ట్రాన్స్‌ఫరే, అంటే పిండాన్ని సరోగేట్ గర్భాశయంలో పెట్టడం ఒక్కసారే. అది నిలవకపోతే మందులు, స్కాన్లు అన్నీ మళ్లీ మొదటి నుంచి. బిడ్డ నెలలు నిండకుండా పుడితే ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) బిల్లు వేరు. సరోగేట్‌కి సొంత లాయర్ ఉండాలి, ఆ ఫీజూ మీదే. ఇక ఫ్రీజింగ్ అద్దె ఏటా కడుతూనే ఉండాలి.

నిద్రగన్నేరు: అండాలా? భర్త వీర్యంతో కలిపి ఎంబ్రియోలు (పిండాలు) చేయించాల్సింది అండీ. మాకు ఎన్ని నిలిచాయో అప్పుడే తెలిసిపోయింది.

ఒంటరిమేఘం: ఆ సలహా అందరికీ ఇవ్వకండి. బ్రిటన్‌లో నటాలీ ఎవాన్స్ కేసు చదవండి. 2001లో అండాశయాలు తీసేసే ముందు ఎంబ్రియోలు చేయించుకుంది, తర్వాత విడిపోయిన భాగస్వామి వాటిని వాడటానికి ఒప్పుకోలేదు, 2007లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో కూడా ఓడిపోయింది. అండాలైతే అవి ఆమెవే.

నిద్రగన్నేరు: మొగుళ్లందరూ వదిలేసి పోతారా ఏంటి? కీమో జరుగుతున్నంతసేపూ మా ఆయన నా పక్కన కుర్చీలోంచి కదల్లేదు. కొత్తవాళ్లని భయపెట్టకండి.

ఒంటరిమేఘం: నేను మీ ఆయన్ని అన్లేదు, సంతకం గురించి అంటున్నాను! విడిపోతే, ఒకరు చనిపోతే ఆ ఎంబ్రియోలు ఏం కావాలో కన్సెంట్ ఫారంలో అడుగుతారు. ట్రీట్‌మెంట్ టెన్షన్‌లో ఎవరు చదువుతారు?

ల్యాబ్‌కోటు: ఎంబ్రియాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను, ఇద్దరూ కాస్త ఆగండి. విట్రిఫికేషన్ (అతివేగంగా ఫ్రీజ్ చేసే పద్ధతి) వచ్చాక అండాలూ బాగానే నిలుస్తున్నాయి. అసలు చూడాల్సింది వేరే ఉంది. అవి ఇంకొకరి కడుపులోకి వెళ్తాయి కాబట్టి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ రిపోర్టులు అడుగుతారు. మీ భర్తకీ అంతే. అండాలు తీసినప్పటి రిపోర్టులు ఉన్నాయో లేదో ఇప్పుడే చూసి ఫైలు కాపీ తెచ్చుకోండి. బీఆర్‌సీఏ లాంటి, రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు మార్పు ఉన్నవాళ్లు ఎంబ్రియో టెస్టింగ్ ఖర్చు కూడా కలుపుకోవాలి.

మొండిఘటం: ఇన్సూరెన్స్ గురించి ఒక్కరూ చెప్పరేం? నా కీమోకి డబ్బిచ్చిన పాలసీ సరోగేట్ కాన్పుకి పైసా ఇవ్వనంది. పుట్టిన బిడ్డకి మొదటి రోజు నుంచి కవర్ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. మాకు మా వదిన మోసింది. ఇంటి మనిషైతే ఖర్చుండదనుకుంటారు. ఆమె పని మానుకున్న రోజులు, ఆస్పత్రి ప్రయాణాలు, ఆమె పిల్లల్ని చూసుకునే మనిషి, ఇవన్నీ ఎవరు భరించాలి?

నిద్రగన్నేరు: బంధువులతో మాత్రం వద్దు తల్లీ, జీవితాంతం మాట పడాలి.

మొండిఘటం: పడలేదండీ. స్కాన్‌కి ఎవరెళ్లాలి, సిజేరియన్ నిర్ణయం ఎవరిది, అన్నీ ముందే కాగితం మీద పెట్టుకున్నాం. శరీరం ఆమెది, నిర్ణయమూ ఆమెదే అని రాసుకున్నాం.

ఒంటరిమేఘం: నాది రొమ్ము క్యాన్సర్. నేనే మోయాలంటే టామాక్సిఫెన్ (క్యాన్సర్ తిరగబెట్టకుండా వేసుకునే మాత్ర) ఆపాలి. సరోగసీ అయితే ఆపక్కర్లేదు. నాకు డబ్బు కంటే అదే పెద్ద సంగతి.

కలువరేకు: ల్యాబ్‌కోటు గారూ, రేపే క్లినిక్‌కి ఫోన్ చేస్తాను. సెలవు సంగతి ఎవరూ చెప్పలేదు.

లెక్కలపుస్తకం: హెచ్‌ఆర్‌ని అడిగే ముందు లాయర్‌ని అడగండి. కొన్ని దేశాల్లో బర్త్ సర్టిఫికెట్ మీద ముందు కన్నామె పేరే పడుతుంది, కోర్టు ఆర్డర్ వచ్చాకే మీది. ఆఫీసువాళ్లు ఏ కాగితం అడుగుతారో దాన్నిబట్టి సెలవు ఎప్పుడు పెట్టాలో తేలుతుంది.