డిశ్చార్జ్ బుక్‌లో, పీపీఓలో పేరు మార్పించుకోవాలి. దారి తెలిసినవాళ్లు చెప్పండి (విజయనగరం)

నెల్లిమర్ల_హవల్దార్
8 నవంబర్ 2023

అందరికీ నమస్కారం. నాది నెల్లిమర్ల దగ్గర ఊరు. ఆర్మీలో బళ్లూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో 17 ఏళ్లు వెహికల్ మెకానిక్‌గా చేసి 2016లో హవల్దార్‌గా రిటైరయ్యాను. నేను ట్రాన్స్ మహిళని.

మా వైపు పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డకి ఆ పేరే పెడతారు. మగపిల్లాడైతే పైడిరాజు, ఆడపిల్లయితే పైడితల్లి. పుట్టినప్పుడు నాకు మొదటిది పెట్టారు. మూడేళ్ల కిందట రెండోది మా అమ్మే పెట్టింది. "మొక్కు అమ్మవారిదే కదా, పేరు ఇటు తిప్పితే ఏటౌద్ది" అంది. అప్పటివరకూ ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక నేను ఎన్ని రాత్రులు నిద్రపోలేదో లెక్కలేదు.

కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్ 2022లో వచ్చింది. దాంతో ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మారాయి. మిగిలింది ఆర్మీ కాగితాలే: రిటైరైనప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్, పెన్షన్ మంజూరు ఉత్తర్వు అయిన పీపీఓ.

సిరిమానోత్సవం అయిన రెండో రోజు, పెన్షనర్లు బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం ఒక సెంటర్‌కి వెళ్లాను. లైన్లో పాతికమంది, అందరూ మాజీ సైనికులూ వాళ్ల ఇంటివాళ్లూ. వేలు పెట్టాను, ముద్ర సరిపోయింది. కానీ ఆధార్‌లో ఒక పేరు, పీపీఓలో ఇంకో పేరు. కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి నా పాత పేరు గట్టిగా మూడుసార్లు పిలిచాడు. నేనే అంటే నమ్మలేదు. "ఆయన పోయారా? ఫ్యామిలీ పెన్షన్ అయితే డెత్ సర్టిఫికెట్ తేవాలమ్మా" అన్నాడు. వెనకాల లైనంతా వింటోంది. ఏమీ అనలేక బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టెలోంచి డిశ్చార్జ్ బుక్ తీశాను. గుర్తింపు చిహ్నాల దగ్గర ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ అని రాసుంది. చిన్నప్పుడు పొయ్యి దగ్గర పడితే అయిన మచ్చ. చెయ్యి చాపి చూసుకున్నాను, అలాగే ఉంది. నంబరు నాదే, ట్రేడ్ నాదే, మచ్చ నాదే. పేరొక్కటే నాది కాదు.

అడిగేది ఏమిటంటే, రిటైరైన తర్వాత కూడా రికార్డ్ ఆఫీసు పేరు మారుస్తుందా? ముందు ఎవరికి రాయాలి? మధ్యలో పెన్షన్ ఆగుతుందా? ఇంట్లో అమ్మా నేనే, ఇద్దరికీ ఆ పెన్షనే ఆధారం. ఆపరేషన్ గురించి మాత్రం దయచేసి అడగకండి, అది నా సొంత విషయం.

నేను సర్వీసులో చేసింది చెరిపెయ్యమనడం లేదు. లేహ్‌లో తెల్లవారి నాలుగింటికి, డీజిల్ గడ్డకట్టిన ట్రక్కు కింద మంచులో పడుకుని స్పానర్ తిప్పింది నేనే. చేతి తొడుగు తీస్తే ఇనుముకి చర్మం అంటుకుపోయేది. ఆ 17 ఏళ్లు నా పేరు మీద ఉండాలి, అంతే.


మాజీ_సుబేదార్_బొబ్బిలి
8 నవంబర్ 2023

జైహింద్ అమ్మా. నేను క్లర్క్ ట్రేడ్‌లో చేసి రిటైరయ్యాను, కొన్నేళ్లు రికార్డ్ ఆఫీసులోనే కూర్చున్నాను. ముందు భయం వదిలెయ్. పెన్షన్ నువ్వు చేసిన సర్వీసుకీ, నీ ర్యాంకుకీ వస్తుంది. పేరు మారినా ఆర్మీ నంబర్ మారదు, ఫైలు నడిచేది ఆ నంబర్ మీదే.

ముందు ఈ నెల పని చూసుకో. వేలిముద్రతో కాకపోతే మాన్యువల్ లైఫ్ సర్టిఫికెట్ ఉంది. ఫారం నింపి గెజిటెడ్ ఆఫీసర్ చేత సంతకం, సీలు వేయించి రక్షణశాఖ పెన్షన్ల పోర్టల్ స్పర్శ్‌లో అప్‌లోడ్ చెయ్యి. పీపీఓలో ఇప్పుడున్న పేరుతోనే చెయ్యాలి. బాధగా ఉంటుందని తెలుసు, కానీ నవంబర్ దాటనివ్వకు.

తర్వాత పేరు సంగతి. మీ ఈఎంఈ రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉంది కాబట్టి దూరం లేదు. అయినా నేరుగా పోస్టులో పడెయ్యకుండా విజయనగరం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపించు. వాళ్ల కవరింగ్ లెటర్ ఉంటే కాగితం పక్కన పడదు. దరఖాస్తుతో పాటు రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, కలెక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్, కొత్త ఆధార్, పాన్, డిశ్చార్జ్ బుక్‌లో అన్ని పేజీలు, పీపీఓ, వీటన్నిటి అటెస్టెడ్ కాపీలు. ప్రభుత్వ గెజిట్‌లో వచ్చిన పేరు మార్పు ప్రకటన కూడా పెట్టు. రికార్డ్స్ వాళ్లు ఒప్పుకుంటే పార్ట్ టూ ఆర్డర్ వేస్తారు. సర్వీసు రికార్డులో పేరు మారేది దానితోనే. దాన్ని పట్టుకుని ప్రయాగ్‌రాజ్‌లో ఆర్మీ పెన్షన్లు మంజూరు చేసే పీసీడీఏ పెన్షన్స్ ఆఫీసు నుంచి కొరిజెండం పీపీఓ, అంటే సవరించిన పీపీఓ వస్తుంది. అది వచ్చాక మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్ఎస్ కార్డు, క్యాంటీన్ కార్డు మార్చుకో. తొందరపడి కార్డులు ముందు మార్చడానికి వెళ్తే పీపీఓ చూపించమని తిప్పి పంపుతారు.

ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు. ఎంత పెద్ద ఆఫీసరు అడిగినా కాపీయే ఇవ్వు.


చీపురుపల్లి_కుర్రాడు
9 నవంబర్ 2023

తప్పుగా అనుకోవద్దు అక్కా. పెన్షన్ నెలనెలా పడుతోంది కదా, కదపకుండా ఉంటేనే మంచిదేమో. మా నాన్న పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే అది సరిచేయించడానికి మేం ఎనిమిది నెలలు తిరిగాం. మీది మొత్తం పేరే.


నెల్లిమర్ల_హవల్దార్
9 నవంబర్ 2023

సుబేదార్ సాబ్, జైహింద్. మీరు 'అమ్మా' అని మొదలుపెట్టారు చూడండి, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయి కాసేపటికి గానీ మిగతాది చదవలేకపోయాను. ఆర్మీ వాళ్ల నోటి నుంచి ఆ పిలుపు ఇదే మొదటిసారి.

తమ్ముడూ, నువ్వు నా మంచికే చెప్పావు. కానీ కదపకుండా చాలా ఏళ్లు ఉన్నాను. 17 ఏళ్లు బ్యారక్‌లో ఎవరికీ చెప్పలేదు. 2017లో విశాఖ నేవీలో పనిచేస్తున్న ట్రాన్స్ మహిళ శాబి గిరిని, ఆపరేషన్ చేయించుకుందని తెలిశాక సర్వీసు నుంచి తీసేశారు. పేపర్లో ఆ వార్త చదివినప్పటికి నేను రిటైరై ఏడాది. మా ఊరి టీకొట్టు దగ్గర నిలబడి చదివాను. నేను ముందే నోరు తెరిచి ఉంటే నాకూ పెన్షన్ ఉండేది కాదేమో అనుకున్నాను. ఆమెకి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నేను ఈ పని చెయ్యకపోతే రేపు నేను పోయాక కూడా మా అమ్మకి ఆ పాత పేరు మీదే కాగితం ఇస్తారు.

ఒక్క సందేహం. గెజిట్‌కి పేపర్ ప్రకటన ఇవ్వాలట. ఊళ్లో అందరూ చూస్తారేమో అని టెన్షన్‌గా ఉంది.


నాగావళి_గట్టు
9 నవంబర్ 2023

అక్కా, నాది శ్రీకాకుళం, నేనూ ట్రాన్స్ మహిళనే. నువ్వు రాసినది మా ఇంట్లో చదివి వినిపించాను.

చట్టం ప్రకారం నీకు గెజిట్ తప్పనిసరి కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ కోసం వచ్చిన 2019 చట్టంలో సెక్షన్ 7 చూడు, గుర్తింపు సర్టిఫికెట్ ఉన్న మనిషికి గుర్తింపు పత్రాలన్నిటిలో మొదటి పేరు మార్చుకునే హక్కు ఉందని రాసుంది. 2020 రూల్స్‌లో దరఖాస్తు ఇచ్చిన 15 రోజుల్లో మార్చాలని కూడా ఉంది. దరఖాస్తు మొదటి పేరాలోనే ఆ సెక్షన్ నంబరు రాయి. ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు హక్కు మీద 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు పేరు కూడా రాయి. ఇంటిపేరు మాత్రం మార్చకు, చట్టం చెప్పేది మొదటి పేరు గురించే.

నేను గెజిట్ కూడా చేయించుకున్నాను. ప్రకటన అంటే వర్గీకృత ప్రకటనల మధ్య నాలుగు లైన్లు, అంతే. మా వీధిలో ఒక్కరూ చూడలేదు. కటింగ్ ఒక్కటే కాదు, ఆ రోజు పేపరు మొత్తం దాచుకో.


మాజీ_సుబేదార్_బొబ్బిలి
10 నవంబర్ 2023

నాగావళి అమ్మాయి చెప్పిన సెక్షన్ సరైనదే, తప్పక రాయి. అయినా గెజిట్ జత చెయ్యమనే నా మాట. రికార్డ్స్‌లో కూర్చునే క్లర్క్‌కి పేరు మార్పంటే అలవాటైన కాగితం గెజిట్. అలవాటు లేని కాగితం చూస్తే సంతకం పెట్టడానికి జంకుతాడు, పై ఆఫీసరు అభిప్రాయం కోసం పంపుతాడు, నెలలు పోతాయి. నేనూ ఆ కుర్చీలో కూర్చుని అలా పంపినవాడినే. అప్పట్లో నా ముందుకి నీలాంటి ఫైలు వచ్చి ఉంటే ఏం చేసేవాడినో అని నిన్న రాత్రంతా ఆలోచించాను.


నెల్లిమర్ల_హవల్దార్
21 జూలై 2024

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. మాన్యువల్ లైఫ్ సర్టిఫికెట్ పని చేసింది, ఒక్క నెల కూడా పెన్షన్ ఆగలేదు. గెజిట్ వచ్చాక ఫిబ్రవరిలో దరఖాస్తు పంపాను. ఒకసారి వెనక్కి వచ్చింది, అఫిడవిట్‌లో ఆర్మీ నంబర్ రాయలేదని. ఇది చదివేవాళ్లు ఆ పొరపాటు చెయ్యకండి. ప్రతి పేజీలో నంబర్ రాయండి.

మొన్న గురువారం మా పోస్ట్‌మాన్ సైకిల్ ఆపి వీధిలోంచే పిలిచాడు, "పైడితల్లి గారూ, రిజిస్టర్ పోస్టు" అని. లోపల పార్ట్ టూ ఆర్డర్ కాపీ. నా నంబర్, ర్యాంకు, పక్కన పాత పేరు, దాని కింద కొత్త పేరు. అమ్మకి చదువు రాదు. పేరు ఎక్కడుందో చూపించమని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది.

సుబేదార్ సాబ్, కొరిజెండం పీపీఓ ఇంకా రాలేదు. స్పర్శ్‌లో ఇప్పటికీ పాత పేరే కనిపిస్తోంది. ప్రయాగ్‌రాజ్‌కి రిమైండర్ నేనే రాయవచ్చా, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రాయించాలా?


మాజీ_సుబేదార్_బొబ్బిలి
21 జూలై 2024

స్పర్శ్‌లో లాగిన్ అయి గ్రీవెన్స్ నువ్వే పెట్టు, పార్ట్ టూ ఆర్డర్ స్కాన్ జత చెయ్యి. టికెట్ నంబర్ రాసి ఉంచుకో. నెల రోజుల్లో కదలకపోతే నాకు చెప్పు, ఇద్దరం కలిసి సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్దాం. బొబ్బిలి నుంచి విజయనగరం నాకు దూరమేం కాదు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.