శ్రీలంకను ముంచింది చైనా అప్పా, డాలర్ బాండ్లా?

గట్టుమీద
మొన్న టీవీ చర్చలో మళ్లీ అదే మాట. చైనా అప్పులిచ్చి శ్రీలంకను ముంచింది, హంబన్‌టోట ఓడరేవును లాగేసుకుంది అని. విదేశీ బాకీలు కట్టలేమని ఆ దేశం 2022 ఏప్రిల్ 12న చేతులెత్తేసింది. 1948లో స్వాతంత్ర్యం వచ్చాక అలా జరగడం అదే మొదటిసారి. అప్పటికి విదేశీ అప్పు సుమారు 5,100 కోట్ల డాలర్లు. నా మటుకు నాకు ప్రధాన దోషం చైనాదే అనిపిస్తుంది. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

లెక్కల మాస్టారు
లెక్కలతోనే వస్తున్నాను. ఆ 5,100 కోట్లలో చైనా వాటా, ప్రభుత్వ సంస్థల పేరు మీద తెచ్చినవి కూడా కలిపితే, అయిదో వంతు దగ్గర ఉంటుంది. చిన్నదేం కాదు. కానీ మెడ మీద కత్తిలా వేలాడింది డాలర్ బాండ్లు, అంటే విదేశీ మదుపరులకు అమ్మి డాలర్లలో తెచ్చిన అప్పు పత్రాలు. 2022 నాటికి అవి దాదాపు 1,250 కోట్ల డాలర్లు.

ఇది ఎలా మొదలైందో చూడండి. పూర్వం శ్రీలంక అప్పులు ఎక్కువగా జపాన్, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇచ్చినవే. తక్కువ వడ్డీ, ఎక్కువ గడువు. 1990ల చివర్లో తలసరి ఆదాయం పెరిగి మధ్యాదాయ దేశాల జాబితాలోకి వెళ్లాక అలాంటి చౌక అప్పులు తగ్గుతూ వచ్చాయి. 2007లో మొదటి బాండు అమ్మారు. 50 కోట్ల డాలర్లు, 8.25 శాతం వడ్డీ, గడువు అయిదేళ్లే. గడువు తీరిన రోజున అసలంతా ఒక్కసారే కట్టాలి. రోడ్డు వేయడానికి తెచ్చిన డబ్బు అయిదేళ్లలో డాలర్ల రూపంలో తిరిగొస్తుందా? రాదు. కాబట్టి పాత బాండు తీర్చడానికి కొత్త బాండు. ఏ రోజు మార్కెట్ అప్పివ్వనంటుందో ఆ రోజు బండి ఆగిపోతుంది. 2020లో జరిగింది అదే. కొత్త బాండ్లు కొనేవాళ్లు లేకుండా పోయారు.

హంబన్‌టోట సంగతీ చెబుతాను. తొలి దశకు 2007లో చైనా ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ 30.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2017లో 99 ఏళ్ల లీజుకిస్తే వచ్చింది 112 కోట్ల డాలర్లు. ఆ డబ్బు ఓడరేవు అప్పుకు జమ కాలేదు. డాలర్ నిల్వల్లోకి వెళ్లింది. ఓడరేవు అప్పు అలాగే ఉండిపోయింది. అప్పు కింద జప్తు చేసుకున్నారనడం తప్పు.

గట్టుమీద
మాస్టారూ, జప్తు మాట వెనక్కి తీసుకుంటాను. కానీ ఓడలు రాని చోట ఓడరేవు కట్టడానికి 6.3 శాతానికి అప్పిచ్చినవాడికి బాధ్యత లేదా? అది అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స సొంత జిల్లా. అప్పిచ్చేవాడికి ఇవన్నీ తెలుసు. పైగా షరతులు జనానికి చెప్పరు. బాండు షరతులు కనీసం అందరికీ కనిపిస్తాయి.

కొలంబో రోజులు
నేను 2022లో అక్కడే ఉన్నాను, ఒక బట్టల కంపెనీలో. మార్చి చివర్లో కరెంటు రోజుకు 13 గంటలు పోయింది. గ్యాస్ సిలిండర్ కోసం తెల్లవారుజామున 3 గంటలకు క్యూలో నిలబడ్డాను. కాగితం లేక స్కూలు పరీక్షలు వాయిదా పడ్డాయి. మా లైన్‌లో కుట్టే ఆడవాళ్లు బస్సులు లేక నడిచి వచ్చేవాళ్లు.

మీరిద్దరూ అప్పిచ్చినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. అక్కడి ప్రభుత్వం చేసిన పనులు చూడండి. 2019 చివర్లో మహింద తమ్ముడు గొటబాయ అధ్యక్షుడిగా గెలవగానే వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి కోసేశారు. ఖజానా ఎండిపోయింది, అప్పు తీర్చే సత్తాకిచ్చే రేటింగులు పడిపోయాయి. ఆ పైన కరోనా వచ్చి టూరిస్టులు ఆగిపోయారు. 2021లో ఉన్నట్టుండి రసాయన ఎరువులు నిషేధించారు. నవంబరులో ఆ నిషేధం ఎత్తేసేసరికి వరి రైతుకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది. బియ్యం కూడా డాలర్లు పెట్టి కొనాల్సి వచ్చింది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. 2022 జనవరి 18న, మందులకూ గ్యాస్‌కూ డాలర్లు వెతుక్కుంటున్న రోజుల్లో, గడువు తీరిన ఒక బాండుకు 50 కోట్ల డాలర్లు కట్టేశారు. మూడు నెలల తర్వాత ఎలాగూ ఎగ్గొట్టారు. ఆ డబ్బు ఉంచుకుని ఉంటే ఎన్ని నెలల మందులు వచ్చేవి?

పాత బ్యాంకు ఉద్యోగిని
బాబూ, మీరు పడ్డ కష్టం అర్థమవుతోంది. అయినా కట్టడమే సరైన పని అని నా నమ్మకం. ఒక్క వాయిదా తప్పినా దిగుమతికి మన బ్యాంకులు తెరిచే ఎల్‌సీలను, అంటే సరుకు అమ్మేవాడికి డబ్బు కడతామని ఇచ్చే హామీ పత్రాలను, బయటి బ్యాంకులు ఒప్పుకోవు. 1991లో మన దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకే డాలర్లున్నాయి. మేలో చంద్రశేఖర్ ప్రభుత్వం 20 టన్నుల బంగారం అమ్మింది. జూలైలో, పీవీ వచ్చాక, మరో 47 టన్నులు కుదువపెట్టారు. బంగారం విదేశానికి పోతోందని జనం ఏడ్చారు. కానీ ఒక్క వాయిదా తప్పలేదు. అందుకే త్వరగా తేరుకున్నాం.

లెక్కల మాస్టారు
అమ్మా, మీ మాటంటే గౌరవం ఉంది. కానీ ఆ పోలిక ఇక్కడ నిలవదు. మనం 1991 జనవరిలోనే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గర అప్పు తెచ్చుకున్నాం. వీళ్లు వెళ్తామని ప్రకటించింది 2022 మార్చిలో, అంతా అయిపోయాక. 290 కోట్ల డాలర్ల ప్యాకేజీకి ఆమోదం వచ్చేసరికి 2023 మార్చి. ఆలస్యంగా ఎగ్గొట్టడం అన్నిటికంటే ఖరీదైన దారి. ముందు గడువు తీరిన బాండుదారుడు మొత్తం పట్టుకుపోతాడు, వెనకున్నవాళ్లు నష్టం పంచుకుంటారు, జనం క్యూలో నిలబడతారు.

కొలంబో రోజులు
నష్టం ఎవరు పంచుకున్నారో కూడా రాయాలి మాస్టారూ. 2023లో దేశంలోపలి అప్పును సర్దినప్పుడు బ్యాంకుల చేతిలోని ట్రెజరీ బాండ్లను (ప్రభుత్వం దేశంలో అమ్మిన అప్పు పత్రాలను) ముట్టుకోలేదు. కార్మికుల భవిష్య నిధి ఈపీఎఫ్ దగ్గరున్న బాండ్లను మాత్రం తక్కువ వడ్డీ బాండ్లకు మార్చారు. కొన్నేళ్లు 12 శాతం, తర్వాత 9. అంతకుముందు ఏడాదే ధరలు 70 శాతం దాకా పెరిగాయి. ఇరవై ఏళ్లు మిషను తొక్కి దాచుకున్న డబ్బు సగం విలువకు పడిపోయిందని నాతో పనిచేసిన అక్క ఒకామె ఫోన్‌లో చెప్పింది. ఆమె ఏ చైనా వాడి దగ్గరా, ఏ బాండు కంపెనీ దగ్గరా సంతకం పెట్టలేదు.

గట్టుమీద
ఈ ఈపీఎఫ్ సంగతి నాకు తెలియదు. తెలుసుకుని మనసు కష్టంగా ఉంది. చైనా ఒక్కటే దోషి అన్న మాట సవరించుకుంటున్నాను, రహస్య షరతుల మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. బాండుదారులు చివరికి ఏం వదులుకున్నారు?

లెక్కల మాస్టారు
2024 డిసెంబరులో పాత బాండ్లు ఇచ్చి కొత్తవి తీసుకున్నారు. ముందస్తు లెక్క ప్రకారం అసలులో నాలుగో వంతుకు పైగా వదులుకున్నట్టు. కానీ అందులో ఒక మెలిక ఉంది. దేశ జీడీపీ అనుకున్నదానికంటే బాగుంటే వాళ్లకు కట్టేది పెరుగుతుంది. ప్రభుత్వాలకివ్వాల్సిన అసలు వాయిదాలు 2028లో మళ్లీ మొదలవుతాయి.

కొలంబో రోజులు
జీడీపీ బాగుంటే బాండుదారుడికి వాటా పెరుగుతుంది సరే. మరి ఆ అక్క ఈపీఎఫ్‌కు అలాంటి షరతు ఏదైనా రాశారా మాస్టారూ? తెలిస్తే చెప్పండి, ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆమెకు చెబుతాను.