ఘోస్ట్ గన్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికా వార్తల్లో ఘోస్ట్ గన్ అని వస్తే కొందరు "దెయ్యం తుపాకీ" అని రాసేస్తున్నారు, చదివితే నవ్వొస్తోంది. "నాటు తుపాకీ" అంటే సరిపోదా?

జవాబు: సరిపోదండీ. నాటు అనగానే మొరటుగా చేసినదేదో కళ్లముందు మెదులుతుంది. ఘోస్ట్ గన్ అంటే విడిభాగాల కిట్టు కొనో, ఇంకోలానో సొంతంగా తయారుచేసుకునే తుపాకీ. ఇది దాదాపు ఫ్యాక్టరీ తుపాకీలాగే పేలుతుంది, కాకపోతే ఒంటి మీద సీరియల్ నంబరు ఉండదు, కాబట్టి నేరం జరిగిన చోట అది దొరికినా ఎవరు అమ్మారు ఎవరు కొన్నారు అని పోలీసులు కూపీ లాగడానికి దారి ఉండదు. నేనైతే "నంబరు లేని తుపాకీ" అంటాను, వినడానికి చప్పగా ఉన్నా.

అసలు అక్కడి సుప్రీంకోర్టులోనూ గొడవ మాట మీదే. 1968 చట్టం ప్రకారం తుపాకులు అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, తుపాకీ మీద నంబరు ఉండాలి. అమ్మేవాళ్లేమో ఇది తుపాకీ కాదు, విడిభాగాల కిట్టు అని తప్పించుకున్నారు. 2022లో ప్రభుత్వం అలాంటి కిట్టూ తుపాకీ కిందికే వస్తుందని నిబంధన తెస్తే, 2025 మార్చిలో కోర్టు 7-2 తేడాతో దాన్ని మొత్తంగా కొట్టేయడం కుదరదంది. ఐకియాలో ముక్కలుగా కొన్నదాన్ని కూడా టేబుల్ అనే అంటాం కదా అన్న అర్థంలో జస్టిస్ గోర్సచ్ తీర్పులో రాశారు. అలాంటి ఒక కిట్టును 21 నిమిషాల్లో తుపాకీగా మార్చేసిన సంగతీ అందులోనే ఉంది.

మరొకరు: కిట్టుని తుపాకీ అని పిలిస్తే హత్యలు ఆగిపోతాయా అండీ? జపాన్‌లో అంత కఠినమైన చట్టాలున్నా 2022లో మాజీ ప్రధాని షింజో అబేని సొంతంగా చేసుకున్న తుపాకీతోనే చంపారు.

జవాబు: పంతం పట్టి తయారుచేసుకునేవాణ్ని ఏ చట్టమూ ఆపలేదు, ఒప్పుకుంటాను. భాగాల్ని ఇంట్లోనే అచ్చుపోసుకోగల త్రీడీ ప్రింటర్ ఉన్నవాడి దగ్గరా ఈ నిబంధన చాలావరకు చేతులెత్తేసినట్టే. కానీ అబే హత్యని చూపించి చట్టాలు దండగ అనడం అడ్డగోలు వాదన. అక్కడ ఆ మనిషి తానే కూర్చుని చేసుకోవాల్సి వచ్చింది. అమెరికాలో నేరచరిత్ర ఉన్నవాడు కూడా ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే కిట్టు ఇంటికొచ్చేది, అడిగేవాడు లేడు. జాడ తీయమని పోలీసులు ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానికి పంపిన ఘోస్ట్ గన్‌లు 2017లో 1,600 దాకా ఉంటే 2021కి 19,000 దాటాయి. నాలుగేళ్లలో జనమంతా తుపాకుల పనివాళ్లైపోయారా? అమ్మకమే అంత సులువైంది, చట్టం పట్టుకోగలిగింది కూడా ఆ అమ్మకాన్నే.

ప్రశ్న అడిగినవారు: "నంబరు లేని తుపాకీ" హెడ్డింగులో పట్టడం కష్టమండీ. "నంబర్లేని తుపాకీ" అని కలిపేస్తే ఎవరికైనా అభ్యంతరమా?