ఎయిర్‌బ్రష్‌కి పాత ఫ్రిజ్ కంప్రెసర్ వాడొచ్చా, కొత్తది కొనడమే మేలా?

బ్రాడీపేట బొమ్మలు:
గుంటూరులో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. అమ్మ దాచిన కొలువు బొమ్మల రంగులు వెలిసిపోయాయి. దసరాలోపు ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న గన్‌తో, మళ్లీ వేద్దామని 0.3 ఎంఎం నాజిల్ ఉన్న గన్ కొన్నాను. గాలికి పాత ఫ్రిజ్ కంప్రెసర్ పెట్టి, లావుపాటి పీవీసీ పైపుతో ట్యాంకు చేసుకుంటే చాలా తక్కువలో అయిపోతుందని ఒక వీడియోలో చూశాను. చేయొచ్చంటారా? టైర్ల షాపుల్లో ఉండే కంప్రెసర్ పెడితే ఆ మోతకి కింది ఫ్లాట్ వాళ్లు ఊరుకోరు.

కృష్ణలంక కుంచె:
అంత హంగామా అక్కర్లేదండీ. కారు స్టెప్నీకి గాలి నింపుకుని, వాల్వ్ దగ్గర నుంచి ట్యూబు లాగి, ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ పెట్టుకోండి. కరెంటు లేదు, చప్పుడు లేదు. బొమ్మలకి 15 నుంచి 25 పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే లెక్కే) ప్రెషర్ ఉంటే సరిపోతుంది కదా.

ఆటోనగర్ అన్న:
కుంచె గారూ, స్టెప్నీ ప్రమాదం లేనిదే, కానీ పని సాగదు. మామూలు కారు టైరులో పట్టేది దాదాపు 30 లీటర్లు. 35 పీఎస్ఐ దగ్గర మొదలెట్టి 20కి దిగేలోపు మనకి దక్కే గాలి కూడా ఇంచుమించు 30 లీటర్లే. 0.3 గన్ నిమిషానికి పది లీటర్ల దాకా తాగుతుంది. అంటే బొమ్మ మొహం పూర్తయ్యేలోపు గాలి అయిపోతుంది.

ఫ్రిజ్ కంప్రెసర్ మంచి ఆలోచనే తమ్ముడూ. చప్పుడు ఉండదు, మన ఆటోనగర్‌లో పాతవి చవగ్గా దొరుకుతాయి. ప్రెషర్ కావలసినంత ఇస్తుంది, గాలి మాత్రం తక్కువ ఇస్తుంది. అందుకే ట్యాంకు తప్పదు. డబ్బు మిగుల్చుకోవాలంటే మోటారు దగ్గర మిగుల్చుకో, ట్యాంకు దగ్గర మాత్రం వద్దు.

పీవీసీ పైపు మీద ఇన్ని కేజీల ప్రెషర్ అని రాసి ఉంటుంది. అది నీళ్లకి చెప్పిన లెక్క. నీళ్ల పైపు పగిలితే నీళ్లు చిమ్మి ఊరుకుంటుంది. నొక్కి పెట్టిన గాలి అలా కాదు, ఒక్కసారిగా విప్పుకుంటుంది, పెళుసు ప్లాస్టిక్‌ని ముక్కలు ముక్కలుగా విసురుతుంది. అది నీ మోకాలి పక్కనే ఉంటుంది. కొందరు ఖాళీ గ్యాస్ సిలిండర్ వాడమంటారు. అది మనది కాదు, కంపెనీది. పైగా లోపల మిగిలిన గ్యాస్‌తో ఆటలొద్దు.

పాత లారీల ఎయిర్ బ్రేక్ ట్యాంకు అడుగు. ఏడెనిమిది బార్ల గాలి కోసమే చేసిన ఇనుప ట్యాంకు, అడుగున నీళ్లు వదిలే వాల్వ్, పైపులు బిగించే రంధ్రాలు అన్నీ ముందే ఉంటాయి. మనం నింపేది 60 పీఎస్ఐ, అంటే నాలుగు బార్లే. తుప్పు తిన్నదీ, వెల్డింగ్ అతుకు పడ్డదీ ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకు. దానికి 80 పీఎస్ఐ దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వ్, ఆటోమేటిక్ ప్రెషర్ స్విచ్, గాలి వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాలి. ఫ్రిజ్ ఆపి వెంటనే వేస్తే కంప్రెసర్ ఎత్తుకోదు కదా, ఇక్కడా అంతే. ఆగినప్పుడు పైపులో గాలి వదిలేసే రకం స్విచ్ తీసుకో.

పాత బెజవాడ మోడలర్:
అన్న చెప్పినవన్నీ కొనేసరికి చిన్న ఆయిల్‌ఫ్రీ కంప్రెసర్ ధర దగ్గరికి వచ్చేస్తాం. ఏడాదికి ఒకసారి కొలువుకి వేసుకునేవాళ్లకి ఇదంతా ఎందుకు? ఫ్రిజ్ కంప్రెసర్ నూనె కక్కుతుంది. ఆ నూనె బొమ్మ మీద పడితే రంగు పట్టక చేపకళ్లలా గుంటలు పడతాయి.

ఆటోనగర్ అన్న:
అది న్యాయమైన మాట. ఏటా పది బొమ్మలే అయితే నేనూ కొనమనే చెప్తాను. ఆ చిన్న కంప్రెసర్లు ఆపకుండా వాడితే కాసేపటికి వేడెక్కుతాయి, ట్యాంకు లేనివాటిలో గాలి అదురుతుంది. వారం వారం కూర్చునేవాళ్లకి ఫ్రిజ్‌దే హాయి. నూనెకి ఫిల్టరు పెట్టి, తగ్గినంత మళ్లీ పోసుకోవాలి. ఫ్రిజ్‌లో మోటారుని చల్లబరిచేది తిరిగొచ్చే చల్లటి గ్యాసే. ఇక్కడ ఆ గ్యాస్ ఉండదు కాబట్టి మధ్యమధ్య ఆపాలి. మోటారు మరీ వేడెక్కితే ఆపేసే ఓవర్‌లోడ్, దాన్ని స్టార్ట్ చేసే రిలే పీకేయొద్దు.

ఇంకో సంగతి. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్600ఏ, మండే గ్యాస్. పైపు కోయడానికి గ్యాస్ కట్టర్ వెలిగించనివ్వకు. గ్యాస్ తీయడం, కోయడం ఫ్రిజ్ మెకానిక్‌కే వదిలెయ్.

బ్రాడీపేట బొమ్మలు:
పీవీసీ ఆలోచన మానేశాను. ఆదివారం ఆటోనగర్ వస్తాను అన్నా. గాలిలో వస్తున్నది నూనో నీళ్లో ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఉక్కకి నీళ్లూ ఎక్కువే వస్తాయేమో.

ఆటోనగర్ అన్న:
వస్తాయి, అందుకే గన్ ముందు తేమ పట్టే ఫిల్టరు ఉండాలి, పని అయ్యాక ట్యాంకు అడుగు వాల్వ్ తిప్పాలి. రంగు పోయకముందు ఖాళీ గాలిని ఒక నిమిషం అద్దం మీద కొట్టు. మసక పట్టి కాసేపటికి ఆరిపోతే నీళ్లు. వేలితో రాస్తే జిడ్డుగా సాగితే నూనె, ఆ రోజు బొమ్మ ముట్టుకోకు.