కాల్చని మట్టి శిల్పం నీటిలో నెమ్మదిగా కరగాలంటే ఏం కలపాలి?

2015లో పారిస్ వాతావరణ సదస్సు సమయంలో కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి 12 గ్రీన్‌లాండ్ మంచుదిమ్మలను కూడలిలో గడియారంలా పేర్చి, జనం కళ్లెదుటే కరగనిచ్చారు. ఆ స్ఫూర్తితో, సముద్రమట్టం పెరుగుదలను చూపాలని, కాల్చని మట్టితో తల్లీబిడ్డల శిల్పం చేసి, రోజూ కొద్దికొద్దిగా నీరు పెంచే తొట్టిలో నిలబెడుతున్నాను. అయితే బాగా ఆరిన మట్టి నీటిని పీల్చుకుని, గంట గడవకముందే చీలమండల దగ్గర బురదై జారిపోవడంతో శిల్పం ఒక్కసారిగా కూలిపోతోంది. నెమ్మదిగా ముంచుకొచ్చే ముప్పును చెప్పాల్సినది కాస్తా క్షణంలో జరిగిన ప్రమాదంలా కనిపిస్తోంది, నన్ను ఎక్కువగా బాధిస్తున్నది అదే. సిమెంటు, రసాయన జిగుర్లు వాడడం ఈ శిల్పం ఉద్దేశానికే విరుద్ధమని నా అభిప్రాయం. పీచు, ఇసుక, సున్నం ఏ పాళ్లలో కలిపితే మట్టి వారం రోజులపాటు పొరలు పొరలుగా కరుగుతుందో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరా?